గృహ హింస నుంచి బయటపడాలనుకునే ఆడవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

ముందుగా ఒక చిన్న జాగ్రత్త. మీ ఫోన్‌ని ఇంట్లో ఇంకెవరైనా తీసి చూస్తుంటే, ఇది చదివాక హిస్టరీ తుడిచేయండి. వీలైతే మీరు నమ్మే మనిషి ఫోన్‌లో చదవండి. ఇప్పుడే ప్రాణభయం ఉంటే చదువుతూ కూర్చోవద్దు, 112కి ఫోన్ చేయండి.

కోర్టు ప్రాంగణంలో న్యాయ సహాయం కోసం వచ్చే ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడటం, కాగితాలు సర్దిపెట్టడం కొన్నేళ్లుగా నా పని. ఈ ప్రశ్నలన్నీ అక్కడ విన్నవే. మొదటిసారి వచ్చేవాళ్లు చట్టం పేరు కూడా అడగరు. "గుమ్మం దాటితే మళ్లీ ఆ ఇంట్లో నాకు చోటుంటుందా?" అని అడుగుతారు. అందుకే ఆ ప్రశ్నకు కాస్త ఎక్కువ చోటిచ్చాను.

ఇప్పుడే కొడుతున్నాడు. ఎవరికి ఫోన్ చేయాలి?

112. పోలీసులు వచ్చే నంబర్ ఇది. ఎక్కడున్నారో ముందు చెప్పండి, జరిగిందంతా తర్వాత చెప్పొచ్చు. ఫోన్ లాక్కుంటాడనే భయం ఉంటే ఊరు, వీధి, ఇంటి గుర్తు చెప్పినా చాలు.

181 మహిళా హెల్ప్‌లైన్. రోజంతా పనిచేస్తుంది. సలహా కావాలన్నా, సఖి సెంటర్‌కి (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం, దీని గురించి కింద చెప్పాను) చేర్చాలన్నా ఈ నంబరే. పిల్లల మీద కూడా చెయ్యి పడుతుంటే 1098. లాయర్ కావాలంటే 15100, అది న్యాయ సేవాధికార సంస్థల నంబర్. ఈ నాలుగింటినీ ఫోన్‌లో వేరే పేర్లతో సేవ్ చేసుకోండి. "గ్యాస్ బుకింగ్" అని సేవ్ చేసుకున్న ఒకావిడను చూశాక అందరికీ అదే చెబుతున్నాను.

కొట్టడు. కానీ బతకనివ్వడు. ఇది కూడా గృహ హింసేనా?

అవును. 2005లో చేసి 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లోకి తెచ్చిన గృహ హింస చట్టం దెబ్బల దగ్గరే ఆగిపోలేదు. శరీరానికి చేసే హింస, లైంగిక హింస, మాటలతో మనసును చంపే హింస, డబ్బు విషయంలో చేసే హింస అని నాలుగు రకాలుగా చెప్పింది.

మాటల హింస అంటే ఏమిటో చట్టమే ఉదాహరణతో చెప్పింది. పిల్లలు పుట్టలేదనో, మగపిల్లాడు పుట్టలేదనో ఎత్తిపొడవడం అందులో ఉంది. మీవాళ్లను ఏదో చేస్తానని పదేపదే బెదిరించడం కూడా ఉంది. ఇక డబ్బు సంగతి. ఇంటి ఖర్చుకు ఇవ్వకపోవడం, మీ జీతం పడే ఏటీఎం కార్డు తన దగ్గరే పెట్టుకోవడం, మీ బంగారం మిమ్మల్ని అడగకుండా కుదువపెట్టడం, ఇంట్లో మీరు వాడుకునే గదికి తాళం వేయడం, ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి. కట్నం కోసం మిమ్మల్ని గానీ, మీ పుట్టింటివాళ్లను గానీ వేధించడం సరేసరి.

ఇంకో విషయం చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు, అడగకుండా లేచి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. ఇష్టం లేకపోయినా భర్త బలవంతం చేయడం. మన శిక్షాస్మృతి ఇప్పటికీ దాన్ని అత్యాచారంగా చూడటం లేదు, భార్య వయసు పద్దెనిమిది దాటితే ఆ మినహాయింపు ఇంకా ఉంది. కానీ గృహ హింస చట్టం కింద అది లైంగిక హింసే. దాన్ని అర్జీలో రాయొచ్చు, రక్షణ అడగొచ్చు. సిగ్గుపడి వదిలేయకండి.

మాకు పెళ్లి కాలేదు, కలిసి ఉంటున్నాం. నాకు వర్తిస్తుందా?

భార్యాభర్తల్లాగే కలిసి బతుకుతుంటే వర్తిస్తుంది. ఎన్నాళ్లు కలిసున్నారు, ఒకే ఇల్లా, ఖర్చులు కలిపి చూసుకున్నారా, నలుగురిలో ఎలా చెప్పుకున్నారు అన్నవి కోర్టు చూస్తుంది. ఆయనకు అప్పటికే పెళ్లైందని తెలిసి కలిసి ఉంటే మాత్రం కష్టమవుతుంది. 2013లో ఇంద్రా శర్మ కేసులో సుప్రీంకోర్టు అలాంటి బంధానికి ఈ రక్షణ ఇవ్వలేదు.

ఈ చట్టం భార్యలకే పరిమితం కాదు. కొడుకు కొడుతున్న తల్లి, అన్న గెంటేసిన చెల్లెలు, తండ్రి హింసించే కూతురు, భర్త చనిపోయాక అత్తింటివాళ్లు వెళ్లగొట్టిన కోడలు, ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. మతంతో సంబంధం లేదు. విడాకులైపోయినా, కలిసి ఉన్నప్పుడు జరిగిన హింస గురించి అడగొచ్చు.

అత్త, ఆడపడుచుల మీద కూడా కేసు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. మొదట్లో చట్టంలో "వయోజనుడైన పురుషుడు" అని ఉండేది. 2016లో హర్సోరా కేసులో సుప్రీంకోర్టు ఆ మాటలను కొట్టేసింది. కానీ ఒక మాట గట్టిగా చెబుతాను. ఎవరు చేశారో వాళ్ల పేర్లే రాయండి. దూరంగా వేరే ఊళ్లో ఉంటున్న పెద్దాడపడుచునీ, ఆమె భర్తనీ, పెళ్లికి సంబంధం తెచ్చిన బాబాయినీ కలిపి పదిమందిని చేరిస్తే కేసు బలపడదు, బలహీనపడుతుంది. ప్రతి ఒక్కరూ ఏ రోజు ఏం చేశారని కోర్టు అడుగుతుంది. కుటుంబం మొత్తాన్నీ గుంపుగా ఇరికించిన కేసులను సుప్రీంకోర్టు చాలాసార్లు కొట్టేసింది. "అందరి పేర్లూ వేస్తేనే దారికొస్తారు" అనే సలహా ఎవరిచ్చినా వినకండి, అది లాయరైనా సరే.

నేను ఇల్లు వదిలి వచ్చేస్తే ఆ ఇంటి మీద హక్కు పోతుందా?

పోదు. ఇది తెలియకే ఎంతోమంది ఏళ్ల తరబడి దెబ్బలు తింటూ అక్కడే ఉండిపోతున్నారు. "గుమ్మం దాటావంటే మళ్లీ రాలేవు" అని అత్తింటివాళ్లు బెదిరిస్తారు. "సర్దుకుపో, నీ అంతట నువ్వు వచ్చేస్తే తప్పు నీదవుతుంది" అని పుట్టింటివాళ్లూ భయపెడతారు.

చట్టంలో పదిహేడో సెక్షన్ ఉంది. మీరు కలిసి కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు మీకుంటుందని అది చెబుతుంది. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా సరే. కోర్టు ద్వారా తప్ప మిమ్మల్ని బయటికి పంపకూడదు. ప్రాణభయంతో ఒక రాత్రి చెల్లెలి ఇంటికి వెళ్లిపోయినా, నెల రోజులు ఆశ్రయ గృహంలో ఉన్నా ఆ హక్కు అలాగే ఉంటుంది. 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. హింస జరిగిన సమయానికి ఆమె ఆ ఇంట్లో ఉండి తీరాలనేమీ లేదు, ఉండే హక్కు ఉంటే చాలంది.

"ఇల్లు మా మామగారి పేరు మీద ఉంది కదా?" అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. ఒకప్పుడు అత్తమామల సొంత ఇల్లయితే కోడలికి హక్కు లేదనేవారు. 2006లో బత్రా కేసులో సుప్రీంకోర్టే అలా చెప్పింది. 2020 అక్టోబర్‌లో సతీష్ చందర్ ఆహుజా కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు సరికాదంది. మీరు అక్కడ కాపురం ఉండి ఉంటే మామగారి పేరున ఉన్న ఇల్లయినా ఉమ్మడి గృహమే. అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన మరో తీర్పూ గుర్తుంచుకోండి. వృద్ధుల సంరక్షణ చట్టం కింద అర్జీ పెట్టి కోడల్ని చడీచప్పుడు లేకుండా ఖాళీ చేయించడం కుదరదని అందులో చెప్పారు. ఈ ఎత్తు మన దగ్గర చాలామంది వేస్తారు.

అయితే ఒక తేడా ఉంది. ఇది ఉండే హక్కు, ఆస్తి హక్కు కాదు. ఇల్లు మీ పేరున రాయరు. అత్తమామలు మరీ వృద్ధులై, అదే ఇంట్లో ఉంటూ ఇబ్బంది పడుతున్నారని కోర్టుకు అనిపిస్తే, మీకు అదే స్థాయిలో వేరే ఇల్లు చూపించమనో, అద్దె కట్టమనో భర్తను ఆదేశించొచ్చు. నా అనుభవంలో చాలామందికి అదే మేలు. గెలిచి అదే కప్పు కింద ఒకే వంటింట్లో ఉండటం ఎంత నరకమో వాళ్లకే తెలుసు.

బయటికి వచ్చేటప్పుడు ఏమేం తెచ్చుకోవాలి?

ప్రమాదం మీదికొచ్చినప్పుడు ఏమీ వెతకొద్దు, పిల్లల్ని తీసుకుని వచ్చేయండి. వస్తువుల్ని కోర్టు ద్వారా తర్వాత రప్పించుకోవచ్చు.

కాస్త సమయం ఉంటే ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పెళ్లి ఫోటోలు లేదా శుభలేఖ, పిల్లల జనన ధ్రువపత్రాలు, చదువు సర్టిఫికెట్లు, ఆసుపత్రి కాగితాలు తెచ్చుకోండి. రోజూ వేసుకునే మందులు మర్చిపోవద్దు. కాగితాలు తేలేకపోతే ఫోటోలు తీసి నమ్మకమైన మనిషికి పంపి, మీ ఫోన్‌లోంచి తీసేయండి. కొందరు ఒక్కో కాగితాన్నే పిల్లల స్కూలు బ్యాగులో పెట్టి అమ్మకు చేరవేస్తారు. మంచి ఉపాయమే.

బయటికి వచ్చిన రోజే ఫోన్ సంగతి చూడండి. లొకేషన్ ఆపేయండి. మీ గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మార్చండి. వాట్సాప్‌లో "లింక్డ్ డివైజెస్" తెరిచి, మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా కనబడితే తీసేయండి. మన మెసేజ్‌లు ఇంకెక్కడో తెరుచుకుని ఉంటున్నాయని చాలామంది ఊహించను కూడా ఊహించరు.

సఖి సెంటర్ అంటే ఏమిటి? అక్కడ ఉండనిస్తారా?

నిర్భయ నిధితో 2015 నుంచి దేశమంతా పెట్టిన కేంద్రాలివి. వన్ స్టాప్ సెంటర్ అని కూడా అంటారు. డాక్టర్, పోలీస్, లాయర్, కౌన్సెలర్ అంటూ నాలుగు గుమ్మాలు తిరగకుండా ఒకేచోట సాయం అందాలన్నది ఉద్దేశం. రాత్రీపగలూ తెరిచి ఉంటాయి. మీరు నేరుగా వెళ్లొచ్చు, 181 వాళ్లు చేర్చొచ్చు, పోలీసులు తీసుకెళ్లొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు.

ఉండనిస్తారు, కానీ కొద్ది రోజులే. మామూలుగా ఐదు రోజుల వరకు. ఆ ఐదు రోజుల్లో దెబ్బలకు వైద్యం, ఫిర్యాదు, అర్జీ రాయడం, తర్వాత ఎక్కడికి వెళ్లాలన్నది తేల్చుకోవడం జరగాలి. వెళ్లగానే కేసు పెట్టాలన్న షరతు లేదు. "ఒక్క రాత్రి నిద్రపోతే చాలు" అని వచ్చినవాళ్లకూ అక్కడ చోటుంది.

అంతకంటే ఎక్కువ రోజులు ఉండాలంటే?

ఆశ్రయ గృహాలు ఉన్నాయి. పాతవాళ్లు వీటిని స్వధార్ హోమ్ అంటారు. 2022లో మిషన్ శక్తి అనే కేంద్ర పథకం కింద స్వధార్ గృహాలను, అక్రమ రవాణా బాధితుల కోసం ఉన్న ఉజ్జ్వల గృహాలను కలిపి "శక్తి సదన్" అని పేరు మార్చారు. తిండి, బట్ట, వైద్యం, కౌన్సెలింగ్, ఏదైనా పని నేర్పించడం ఉంటాయి. నెలల తరబడి ఉండొచ్చు. ఉద్యోగం ఉన్నవాళ్లకైతే "సఖి నివాస్" అనే వర్కింగ్ ఉమెన్ హాస్టళ్లున్నాయి. అక్కడ కొంత అద్దె ఉంటుంది.

గృహ హింస చట్టంలోని ఆరో సెక్షన్ ప్రకారం, మీరు అడిగినా, మీ తరఫున రక్షణాధికారి (ఈ చట్టం కింద మీకు సాయపడటానికి పెట్టిన ప్రభుత్వ అధికారి) అడిగినా ఆశ్రయ గృహం మీకు చోటివ్వాలి. పోలీస్ కేసు నంబర్ ఉంటేనే చేర్చుకుంటామంటే అది తప్పు. ఇలా అంటే రక్షణాధికారి చేత ఒక లేఖ రాయించండి, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

ఆశ్రయ గృహం ఎలా ఉంటుందో దాచిపెట్టకుండా చెప్పాలి. కొన్నిచోట్ల మంచి వార్డెన్ ఉంటుంది, పుట్టింట్లో కూడా దొరకని ఓదార్పు దొరుకుతుంది. కొన్నిచోట్ల హాలులో వరసగా మంచాలు, బయటికెళ్లాలంటే రిజిస్టర్‌లో సంతకం, ఫోన్ మాట్లాడటానికి వేళలు. మొదటి వారం ఊపిరాడనట్టు ఉంటుందని చాలామంది చెప్పారు. వెళ్లేముందు మూడు విషయాలు అడగండి: ఫోన్ నా దగ్గరే ఉంచుకోవచ్చా, పనికి వెళ్లి రావచ్చా, పిల్లల్ని ఏ బడిలో చేరుస్తారు. మీరు అక్కడ ఖైదీ కాదు. వెళ్లిపోవాలనుకుంటే వెళ్లిపోవచ్చు. చిరునామా మాత్రం మీ భర్తకు తెలిసిన చుట్టాలెవరికీ చెప్పకండి. అది మీ ఒక్కరి భద్రత కాదు, అక్కడున్న అందరిదీ.

మగపిల్లాడితో వస్తే తీసుకుంటారా?

మామూలుగా పన్నెండేళ్ల లోపు అబ్బాయిలను తల్లితో ఉండనిస్తారు. ఆడపిల్లలకు పెళ్లికానివాళ్లయితే పద్దెనిమిది వరకు. పెద్ద అబ్బాయిని వేరే బాలల గృహంలో ఉంచుతారు, దాన్ని చాలామంది తల్లులు తట్టుకోలేరు. కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి. అలాంటప్పుడు బంధువుల ఇల్లో, కోర్టు నుంచి అద్దె ఆర్డరో నయం.

కేసు ఎక్కడ వేయాలి? ఎలా మొదలవుతుంది?

గృహ హింస చట్టం కింద వేసే ఈ కేసును కోర్టులో అందరూ "డీవీసీ" (డొమెస్టిక్ వయొలెన్స్ కేసు) అంటారు. మీరు ఇప్పుడు ఉంటున్న చోట వేయొచ్చు, తాత్కాలికంగా ఉంటున్నా సరే. అంటే పెళ్లై విశాఖపట్నం వెళ్లిన అమ్మాయి వరంగల్‌లో పుట్టింట్లో ఉంటూ వరంగల్ కోర్టులోనే వేసుకోవచ్చు. వాయిదా వాయిదాకీ ఆ ఊరు పరిగెత్తక్కర్లేదు.

మొదటి మెట్టు రక్షణాధికారి. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగితే చెబుతారు. దారి తెలియకపోతే మీ ఊరి అంగన్‌వాడీ టీచర్ దగ్గరైనా మొదలుపెట్టొచ్చు. రక్షణాధికారి మీరు చెప్పింది విని "గృహ హింస నివేదిక" రాస్తారు. డీఐఆర్ అంటారు దాన్ని. అది మేజిస్ట్రేట్‌కు వెళ్తుంది. ఆ నివేదిక రాసేటప్పుడు తొందరపడకండి. మొదటిసారి ఎప్పుడు, చివరిసారి ఎప్పుడు, బాగా గుర్తున్నవి రెండు మూడు సంఘటనలు తేదీతోనో, తేదీ గుర్తులేకపోతే "సంక్రాంతికి వారం ముందు" అనో చెప్పండి. "రోజూ కొట్టేవాడు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే తర్వాత కష్టం.

రక్షణాధికారి దొరకకపోతే, లేదా తిప్పుతుంటే, మీరు గానీ మీ లాయర్ గానీ నేరుగా మేజిస్ట్రేట్ కోర్టులో అర్జీ వేయొచ్చు. డీఐఆర్ లేకపోయినా కోర్టు ఆర్డర్ ఇవ్వొచ్చని ప్రభా త్యాగి తీర్పే చెప్పింది. జరిగి ఏడాది దాటిపోయింది కదా అన్న బెంగ కూడా అక్కర్లేదు. ఆ కాలపరిమితి ఈ అర్జీకి వర్తించదని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది.

కోర్టు ఏమేం ఇస్తుంది?

రక్షణ ఆర్డర్ ఇస్తుంది: కొట్టకూడదు, మీ ఆఫీసుకో పిల్లల బడికో రాకూడదు, ఫోన్లు చేయకూడదు, మీ ఉమ్మడి లాకర్ తెరవకూడదు అని. నివాస ఆర్డర్ గురించి పైన చెప్పాను. అవసరమైతే అతన్నే ఇల్లు వదిలి వెళ్లమని కూడా చెప్పొచ్చు. అయితే అత్తను, ఆడపడుచును అలా ఇంట్లోంచి పంపరు, చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది. డబ్బు కింద నెలనెలా భరణం, ఆసుపత్రి ఖర్చులు, పోయిన జీతం, పగలగొట్టిన సామాను విలువ అడగొచ్చు. మానసిక బాధకు నష్టపరిహారం వేరుగా. పిల్లలు ప్రస్తుతానికి ఎవరి దగ్గర ఉండాలన్నదీ ఇందులోనే తేలుస్తారు.

భరణం దగ్గర ఒక సంగతి. 2020 నవంబర్‌లో రజనీష్ నేహా కేసు తీర్పు వచ్చాక ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు అఫిడవిట్‌లో రాసివ్వాలి. "నాకు జీతమే లేదు" అని చేతులెత్తేసేవాళ్లకు ఇది కొంత ముకుతాడు. భరణాన్ని అర్జీ వేసిన తేదీ నుంచి లెక్కేయాలని కూడా అందులోనే చెప్పారు. కాబట్టి "ముందు మాట్లాడి చూద్దాం" అంటూ ఆరు నెలలు గడిపితే ఆ ఆరు నెలల డబ్బు పోయినట్టే. ఆర్డర్ అయ్యాక కూడా కట్టకపోతే, అతని జీతంలోంచి నేరుగా మీకు పంపమని కంపెనీని కోర్టు ఆదేశించగలదు.

ఎన్నాళ్లు పడుతుంది?

కాగితం మీద: అర్జీ అందిన మూడు రోజుల్లో మొదటి విచారణ, ఆ రోజు నుంచి అరవై రోజుల్లో తీర్పు. కోర్టులో: ఏడాది, రెండేళ్లు, ఇంకా ఎక్కువ. నోటీసు తీసుకోకుండా తిరగడం, వాయిదాకు రాకపోవడం, వచ్చి టైం అడగడం, ఇవన్నీ ఉంటాయి.

అందుకే మధ్యంతర ఆర్డర్ అడగటం మరిచిపోవద్దు. ఇరవై మూడో సెక్షన్. అసలు కేసు తేలేదాకా ఆగకుండా ఇప్పుడే రక్షణ, ఇప్పుడే కొంత డబ్బు అడగటం. ప్రమాదం కనబడితే అవతలివాళ్లు రాకుండానే ఇవ్వొచ్చు. మీ అర్జీతో పాటు దానికి వేరే పిటిషన్, మీ అఫిడవిట్ ఉన్నాయో లేదో సంతకం పెట్టేముందు లాయర్‌ని అడగండి. ఆర్డర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి.

పోలీస్ కేసుకీ దీనికీ తేడా ఏమిటి?

డీవీసీ మీకు రక్షణ, ఇల్లు, డబ్బు ఇప్పించేందుకు. పోలీస్ కేసు అతన్ని శిక్షించేందుకు. భార్యను భర్త, అత్తింటివాళ్లు క్రూరంగా హింసిస్తే పెట్టే సెక్షన్, 1983 నుంచి అందరికీ తెలిసిన 498ఏ, 2024 జులై 1 తర్వాత జరిగినవాటికి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. మూడేళ్ల వరకు జైలు, జరిమానా. రెండూ కలిపి వేయొచ్చు, ఒకటే వేయొచ్చు. "నాకు ఆయన్ని జైల్లో పెట్టించాలని లేదు, కొట్టకుండా ఉంటే చాలు" అనేవాళ్లకు డీవీసీ సరిపోతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో జైలు పేరు వినగానే వెనక్కి తగ్గిపోయేవాళ్లున్నారు.

ఇంకోవైపు, 498ఏ పెట్టగానే అరెస్టు చేస్తారనుకోవద్దు. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు తర్వాత పోలీసులు ముందు నోటీసు ఇచ్చి పిలుస్తారు. గాయాలు పెద్దవైతే, చంపబోతే ఆ సెక్షన్లు వేరే ఉంటాయి. పుట్టింటి ఊరి స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే ఎఫ్ఐఆర్ అడగండి.

స్టేషన్‌కి వెళ్తే కౌన్సెలింగ్ అంటున్నారు. ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీ అంటున్నారు.

కౌన్సెలింగ్‌కి వెళ్లడం, వెళ్లకపోవడం మీ ఇష్టం. భార్యాభర్తల గొడవల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు కొంత ప్రాథమిక విచారణ చేయొచ్చని కోర్టులూ ఒప్పుకున్నాయి, దాన్ని పట్టుకుని నెలలు సాగదీస్తే మాత్రం ఊరుకోకండి. ఎస్పీకి లేదా కమిషనర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపి రసీదు దాచుకోండి. అయినా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. చాలా కౌన్సెలింగులు "ఇద్దరిదీ తప్పుంది" దగ్గర మొదలవుతాయి. గృహ హింస చట్టం నియమాల ప్రకారం కోర్టు పంపే కౌన్సెలింగ్‌లో అతను కొట్టడాన్ని సమర్థించుకునే వాదన చేయకూడదు. "ఎందుకు కొట్టావ్, ఆమె ఏమంది?" అన్న ప్రశ్నకే తావులేదు.

పంచాయితీలో కాగితాలు రాస్తుంటే చదవకుండా సంతకం పెట్టొద్దు. ఖాళీ స్టాంపు కాగితం మీద అసలే వద్దు.

నా దగ్గర ఆధారాలేమీ లేవు.

మీ మాట కూడా సాక్ష్యమే. ఇంట్లో నాలుగు గోడల మధ్య జరిగేదానికి బయటి సాక్షులుండరని కోర్టుకూ తెలుసు. అయినా ఉన్నవి పోగేయండి. దెబ్బలు తగిలినప్పుడు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి "మెట్ల మీద పడ్డాను" అనకండి. కొట్టారని చెబితే ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే వైద్య నివేదిక) రాస్తారు, దాని విలువ ఎక్కువ. గాయాల ఫోటోలు, మెసేజ్‌లు, అమ్మకు ఆ రాత్రి చేసిన ఫోన్ కాల్ వివరాలు, పక్కింటావిడ విన్న అరుపులు, 112కి చేసిన కాల్ రికార్డు అన్నీ పనికొస్తాయి. భర్త మాటలను తెలియకుండా రికార్డు చేస్తే చెల్లదనేవారు. దాంపత్య కేసుల్లో అలాంటి రికార్డింగ్ చూడొచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు అంది. అసలు ఫైల్ ఉన్న ఫోన్‌ని మాత్రం అమ్మేయకండి, పోగొట్టుకోకండి.

నా బంగారం వాళ్ల దగ్గరే ఉంది.

పుట్టింటివాళ్లు పెట్టినదీ, అత్తింటివాళ్లు మీకిచ్చినదీ, కానుకలూ అన్నీ స్త్రీధనమే, మీ సొంతం. 1985లో ప్రతిభా రాణి కేసు నుంచీ ఇదే మాట. డీవీసీలోనే తిరిగి ఇప్పించమని అడగొచ్చు. పెళ్లి ఫోటోల్లో మీరు వేసుకున్న నగలను గుర్తుపట్టి, ఒక్కోదాని పక్కన సుమారు తూకం రాసి జాబితా చేయండి. కొన్న షాపు బిల్లులుంటే ఇంకా మంచిది.

పిల్లల్ని లాగేసుకున్నారు.

వెంటనే మధ్యంతర కస్టడీ అడగండి, ఆలస్యం చేయకండి. పిల్లలు ఎక్కడ అలవాటు పడ్డారన్నది కోర్టు చూస్తుంది, రోజులు గడిచేకొద్దీ అది మీకు ఎదురు తిరుగుతుంది. హిందూ కుటుంబాల్లో ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి చట్టమే చెబుతోంది.

లాయర్‌కి ఇచ్చుకోవడానికి డబ్బుల్లేవు.

అక్కర్లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లెవరికైనా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, ఆదాయ పరిమితి లేదు. జీతం లక్ష ఉన్నా అడగొచ్చు. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఆ ఆఫీసు ఉంటుంది. ఇచ్చిన లాయర్ పట్టించుకోకపోతే మార్చమని అర్జీ ఇవ్వొచ్చు. "పై ఖర్చులు" అని ఎవరైనా డబ్బడిగితే ఆ సంస్థ కార్యదర్శికి చెప్పండి, ఆ పదవిలో ఉండేది ఒక జడ్జే.

భర్త అమెరికాలో ఉన్నాడు, నన్ను ఇక్కడ వదిలేశాడు.

మీరున్న చోట డీవీసీ వేయొచ్చు. అక్కడే హింస జరుగుతుంటే అక్కడి పోలీసులకే ఫోన్ చేయండి. డిపెండెంట్ వీసా మీద ఉన్నారని మీ రక్షణ తగ్గదు. పాస్‌పోర్టు లాక్కుంటే భారత రాయబార కార్యాలయానికి చెప్పండి, భర్త వదిలేసిన మహిళలకు వాళ్ల దగ్గర న్యాయ సహాయ నిధి కూడా ఉంది.

ఆర్డర్ ఉన్నా మళ్లీ వచ్చి గొడవ చేస్తున్నాడు.

రక్షణ ఆర్డర్‌ని ఉల్లంఘిస్తే అదే ఒక నేరం. ఏడాది వరకు జైలు, ఇరవై వేల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిల్ హక్కుగా దొరకదు, వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. ఆర్డర్ కాపీ ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి. ఒక జిరాక్స్ మీ స్టేషన్‌లో, ఒకటి ఆఫీసు సెక్యూరిటీ దగ్గర, ఒకటి పిల్లల బడిలో ఇవ్వండి.

కేసు వేశాక మళ్లీ కలిసి ఉండాలనిపిస్తే?

ఉండొచ్చు. మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టక్కర్లేదు. వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లేవాళ్లు చాలామంది. ఒక్కటే చెబుతాను, కేసు పూర్తిగా వెనక్కి తీసుకోమని అతను పెట్టే షరతుకు తొందరపడి ఒప్పుకోకండి. రక్షణ ఆర్డర్‌ని అలాగే ఉంచుకుని కూడా కలిసి ఉండొచ్చు. రద్దు చేయమని మీరు అడిగేదాకా అది సాగుతుంది. ఆ కాగితం ఉన్నంతవరకు చెయ్యెత్తేముందు ఆలోచిస్తాడని ఒకావిడ నాతో అంది. మూడేళ్లుగా కలిసే ఉన్నారు. ఆర్డర్ మాత్రం ఇప్పటికీ బియ్యం డబ్బాలోనే ఉంది.

పక్కింట్లో అరుపులు వినిపిస్తున్నాయి. నేనేం చేయగలను?

ఎవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ పెట్టలేరని నాలుగో సెక్షన్ చెబుతోంది. గొడవ జరుగుతున్నప్పుడైతే 112కి ఫోన్ చేయండి, లేదా చక్కెర కావాలనో, కరెంటు పోయిందా అనో తలుపు కొట్టండి. తర్వాత ఆమె ఒంటరిగా కనబడినప్పుడు "ఎందుకు భరిస్తున్నావ్" అనకుండా, "ఏ రాత్రయినా మా తలుపు తట్టు" అని చెప్పండి. ఆమె కాగితాల కవరు ఒకటి మీ బీరువాలో దాస్తానంటే దాచండి.